పదకొండు చుక్కలు

“ఈవిడెవరే? చక్కగా ఉంది. మనింటికి ఎప్పుడొచ్చింది?” అంది నాయనమ్మ, బొమ్మను దూరంగా పట్టుకుని చూస్తూ.

“నువ్వే నాయనమ్మా!”

“నాకిన్ని పళ్ళెక్కడివే!”

నాయనమ్మకు పైవరసలో ఒక పన్ను లేదు. బొమ్మలో మాత్రం అన్నీ తళతళలాడుతున్నాయి. సోమవారం బడిలో ఇవ్వాల్సిన ‘మా ఇంటివాళ్ళు’ బొమ్మ అది.

“అందంగా ఉంటుందని పెట్టాను,” అంది పెన్సిలు.

చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి ఆ పిల్లను అందరూ అలాగే పిలుస్తారు. వయసు పదేళ్ళు. బొమ్మలు బ్రహ్మాండంగా వేస్తుంది. ఆ సంగతి తనకు కాస్త ఎక్కువగానే తెలుసు.

అప్పుడే అత్త హడావుడిగా వచ్చింది. అత్త కాలేజీలో సాలీళ్ళ మీద పరిశోధన చేస్తుంది. నిన్న మెట్ల మీద జారిపడి కుడిచేతికి కట్టు కట్టించుకుంది.

“పెన్సిలూ, లే! ఇవాళ నీ చెయ్యే నాకు దిక్కు. అయిదింటికల్లా పత్రికకు నా సాలీడు బొమ్మ పంపకపోతే ఈ ఏడాదికి ఇక అంతే.”

కాలేజీలో అత్త గదిలో బల్ల మీద మైక్రోస్కోపు, పక్కనే చిన్న గాజుసీసా. సీసాలో బియ్యపు గింజంత సాలీడు, గోధుమరంగుది.

“వీడు గూడు కట్టి కూర్చునే రకం కాదు. పొంచి చూసి, దూకి పట్టుకుంటాడు,” అంది అత్త. “వీడి కోసం మూడేళ్ళు గడ్డిమైదానంలో మోకాళ్ళ మీద పాకాను. వీడి గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నేను రాశాను. బొమ్మ కూడా పంపితేనే కొత్త జాతి అని ఒప్పుకుంటారు.”

చెయ్యి బాగున్నప్పుడు తాను పెన్సిలుతో గీసుకున్న సాలీడు బొమ్మ మీద అత్త పల్చటి కాగితం పరిచి, ఇంకుపెన్ను ఇచ్చింది.

“ముదురుగా ఉన్నచోట చుక్కలు పెట్టు. తెల్లగా ఉన్నచోట వదిలెయ్. ఉన్నది ఉన్నట్టు దిద్దితే చాలు.”

పెన్సిలు నాలుక కొరుక్కుంటూ చుక్కలు పెట్టింది. బొమ్మలో సాలీడు వీపు మీద అడ్డంగా ఒక తెల్లపట్టీ ఉంది. దాని మధ్యలో ఏవో చుక్కలు కనిపించాయి. ‘అత్త మరక చేసినట్టుంది’ అనుకుని వాటిని వదిలేసింది. పట్టీ ఈ చివరినుంచి ఆ చివరికి శుభ్రంగా వచ్చింది.

“అబ్బ, నీ చెయ్యి బంగారమే!” అంటూ అత్త గబగబా స్కాన్ చేసింది. కళ్ళద్దాలు నెత్తిమీదే ఉన్నాయి.

పెన్సిలు భూతద్దంతో సీసాలోకి చూసింది. సాలీడు కూడా రెండు పెద్ద కళ్ళతో తనను చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“అత్తా, వీడి పట్టీ మధ్యలో తెగిపోయిందేంటి?”

“అదేగా అసలు సంగతి! తెగని పట్టీ ఉన్నవాణ్ణి ఎప్పుడో కనిపెట్టారు. తెగింది కాబట్టే వీడు కొత్తవాడు. మొత్తం ఏడు దొరికాయి. ఏడింటికీ అంతే.”

అంటే తాను వదిలేసిన చుక్కలు మరక కాదు, పట్టీ తెగిన చోటు! అత్త వేలు కంప్యూటర్ మీటమీదికి వెళుతోంది. ‘బంగారమే’ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని లేదు.

“అత్తా, ఆగు! నొక్కకు!”

అత్త కళ్ళద్దాలు దించి బొమ్మ చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

“మూడేళ్ళు వెతికి పట్టుకున్న కొత్తవాణ్ణి గంటలో పాతవాణ్ణి చేసేశావు కదే!”

“మరక అనుకున్నాను. తీసేస్తే అందంగా ఉంటుందని...” పెన్సిలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“చెప్పేశావుగా, ఇంకా ఏడుపెందుకు? నాలుగున్నరయింది. కూర్చో. ఈసారి వాణ్ణి చూసి పెట్టు.”

పెన్సిలు సీసాను మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కో చుక్కకూ ముందు అందులోకి చూసింది. పట్టీ తెగినచోట సరిగ్గా పదకొండు చుక్కలు పట్టాయి. అయిదింటికి అయిదు నిమిషాలుండగా అత్త మీట నొక్కింది. సీసాలో కొత్తవాడు ఎగిరి గంతేశాడు. బయట వీళ్ళిద్దరూ గంతేశారు.

ఇంటికి రాగానే పెన్సిలు నాయనమ్మ ఎదురుగా కూర్చుంది.

“నాయనమ్మా, ఒకసారి నవ్వు.”

“ఎందుకే?”

“నవ్వు, చెబుతా!”

నాయనమ్మ నవ్వింది. పెన్సిలు తీరిగ్గా చూసింది. ఖాళీ సరిగ్గా మధ్యలో లేదు, కాస్త ఎడమవైపుకి ఉంది. పక్కపన్ను కొంచెం అటే ఒరిగి ఉంది. రోజూ చూసే నవ్వే అయినా ఇన్నాళ్ళూ అది గమనించనే లేదు. కొత్త కాగితం తీసి, చూస్తూ చూస్తూ వేసింది.

నాయనమ్మ బొమ్మను దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇదిగో, ఇప్పుడొచ్చాను నేను మనింటికి!” అంది, ఆ ఖాళీ మొత్తం కనబడేలా నవ్వుతూ.