పద్నాలుగు నిమిషాల తేడా

కూలీ సీమోను శవం కంప్రెసర్ గది గుమ్మంలో బోర్లా పడి ఉంది. గాలి పీలిస్తే ఇంకా గొంతు మండుతోంది.

రేపల్లె దగ్గరి ఆ ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై మనిషి పోవడం ఇది రెండోసారి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ శ్రావ్య బాపట్ల నుంచి వచ్చింది. మొదటిసారీ ఆమే వచ్చింది.

మూడేళ్ళ కిందట కూడా గ్యాస్ అలారం మోగలేదు. తర్వాత పరీక్షిస్తే బాగానే మోగింది. అంటే ఎవరో ఆపి, మళ్ళీ వేశారని శ్రావ్య తేల్చింది. ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాసింది. తాను స్విచ్ ముట్టుకోలేదని ఆపరేటర్ బర్నబాస్ మొత్తుకున్నాడు. ఉద్యోగం పోయిన నెలకి కాలవలో శవమై తేలాడు.

అప్పట్నించి ఏ ఫ్యాక్టరీలో అడుగుపెట్టినా ఆ గొంతు ఆమె వెనకే వస్తోంది.

ఈసారి పోలీసులు ఆపరేటర్ కొండయ్యను కూర్చోబెట్టారు. అలారం ఇప్పుడూ బాగానే మోగుతోంది. మేనేజర్ గిరీష్ రిపోర్టు ముగించమన్నాడు.

శ్రావ్య పెన్ను తీయలేదు. గోడ గడియారం 4:26 చూపిస్తోంది. ఆమె ఫోనులో 4:40.

"ఈ గడియారం ఎప్పుడూ ఇంతేనా?"

"లేదండి," అన్నాడు కొండయ్య. "పొద్దున ఆరింటికి ఫోన్ చూసి నేనే సరిచేశానండి."

"బ్యాటరీదా?"

"కరెంటుదండి."

"ఇవాళ కరెంటు పోయిందా?"

"ఒక్కసారేనండి. రెండు దాటాక. వెంటనే జనరేటర్ వేశాను."

ఆమె సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసింది. సరఫరా 2:08కి ఆగి 2:22కి వచ్చింది. సీమోను ఆ గదిలోకి వెళ్ళింది 2:12కి. సీసీ కెమెరాలో ఉంది.

అనుమానం దొరికితే చాలదు. చాలనుకునే ఒకసారి సంతకం పెట్టింది.

శవాన్ని తరలించి, గదిలో గ్యాస్ పోయాక మెయిన్ కరెంటు ఆపించింది. జనరేటర్ మీద కంప్రెసర్ తిరిగింది. లైట్లు వెలిగాయి. గడియారం మాత్రం ఆగిపోయింది. సెన్సార్ దగ్గర అమ్మోనియా సీసా మూత తీసింది. అలారం పలకలేదు.

మూడేళ్ళ కిందటి ప్రమాదమూ కరెంటు పోయినప్పుడే జరిగింది. బర్నబాస్ చెప్పింది నిజం.

మెయిన్ వేయించింది. మోగింది. మూడుసార్లు చేయించింది. మూడుసార్లూ అంతే. చివరికి అలారం వైరును జనరేటర్ లైనుకు కలిపించి, మెయిన్ ఆపించింది. ఈసారి గది అదిరేలా మోగింది.

"అలారం, గడియారం ఒకే లైను మీద ఉన్నాయి," అని అందరి ముందూ చెప్పింది. "ఆ లైనుకు జనరేటర్ లేదు. స్విచ్ ఎవరూ ముట్టుకోలేదు."

ఎప్పట్నించి ఇలా ఉందని గిరీష్‌ను అడిగింది. అతను తల దించుకున్నాడు.

"జనరేటర్ మార్చినప్పుడే ఆ వైరు వదిలేశారండి. మొదటి ప్రమాదం తర్వాత తెలిసింది. అప్పటికే మీ రిపోర్టు వచ్చేసింది, మేడం."

పోలీసులు కొండయ్యను వదిలి గిరీష్‌ను జీపెక్కించారు. తన పాత రిపోర్టు తప్పని శ్రావ్య కొత్త కాయితం మీద రాసింది.

మర్నాడు తెనాలిలో బర్నబాస్ భార్య రాహేలు ఇంటికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. తన తప్పూ దాచలేదు.

"కాయితం మీద రాసిస్తారా అండి?" అంది రాహేలు.

"రాసే తెచ్చానమ్మా."

రాహేలు అందుకోలేదు. "ఆయన ముట్టుకోలేదని నాకెప్పుడో తెలుసండి. ఆదివారం మా చర్చికి వచ్చి, అందరి ముందూ మీరే చదవండి."

శ్రావ్య కాయితం మడిచింది.

"ఎన్నింటికమ్మా?"

"తొమ్మిదింటికండి."