లైన్ మీద ఎవరు

మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మింది. మణుగూరు దారిలో అడవి అంచునున్న సబ్‌స్టేషన్ చీకటైపోయింది. లోపల ఆపరేటర్ చాంది ఒక్కతే. డ్యూటీ ఎనిమిది గంటలూ ఆమెకు తోడు ట్రాన్స్‌ఫార్మర్ హోరు మాత్రమే.

లైన్‌మన్ భాస్కర్ రెండింటికి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పనిచేసే అనుమతి, తీసుకుని స్తంభమెక్కాడు. ఆమె బ్రేకర్ పిడి తిప్పి కరెంటు ఆపింది. అతను కిందికి దిగి, తన నోటితో చెప్పేదాకా తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే పైనున్న మనిషి బొగ్గే.

పొద్దున అతను ఇంకో మాట కూడా చెప్పాడు. "సోమ్లిని చంపిన తీగ ఫొటోలు తీసిన చెల్లే. డ్యూటీ దిగంగనె పోలీసులకిస్త."

పందుల కోసమని వెంకటకృష్ణ తన మక్కచేను చుట్టూ ఇదే లైన్ నుంచి దొంగ కరెంటు తీగ పెట్టాడు. కట్టెలకు పోయిన సోమ్లి ఆ తీగ తగిలి చచ్చిపోయి పదిరోజులు; తీగ ఇంకా తియ్యలేదు. పేపర్లో 'ప్రమాదం' అని రెండు వాక్యాలు వచ్చాయి. చేను ఎవరిదో రాయడానికి పాపం చోటు చాల్లేదు.

తలుపు తోసుకుని వచ్చింది ఆ వెంకటకృష్ణే. లోపల గడియ పెట్టాడు.

"భాస్కర్ దిగాడమ్మా. చూసే వస్తున్నా. కరెంటివ్వు."

"ఆయన ఫోన్ చెయ్యాలె సారూ."

"నాకే రూల్సు చెబుతున్నావా? కాంట్రాక్టు ఉద్యోగం నీది. గుర్తుందా?"

చాంది ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది... ఎత్తలేదు. భాస్కర్ ఇంకా పైనే ఉన్నాడు. ఆమెకు అంతా అర్థమైంది: ఫొటోల సంగతి ఇతనికి తెలిసిపోయింది. రేపటి వార్త కూడా కనిపించింది: 'మహిళా ఆపరేటర్ నిర్లక్ష్యం.' దానికైతే పేపర్లో ఎంత చోటైనా దొరుకుతుంది.

బ్రేకర్‌కు అడ్డంగా నిలబడింది. "చెయ్యి విరిచినా ఇయ్య."

అతను ఆమెను పక్కకు నెట్టి, పిడి మీద చెయ్యేశాడు.

గదిలో వెంట్రుకలు కాలిన వాసన.

వెంకటకృష్ణ ఆగిపోయాడు. చాంది భుజం మీదుగా ఏదో చూస్తున్నాడు.

"దాన్ని... దాన్ని బయటికి పంపు."

"ఎవర్ని సారూ?"

అతను గడియ దొరక్క తలుపును గీరాడు... తీశాడు... వానలో పడి పరిగెత్తాడు.

చాంది వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

ఫోన్ మోగింది. భాస్కర్.

"దిగిన చెల్లే. లైన్ క్లియర్ వాపస్ రాసుకో. కరెంటియ్యి."

అతని గొంతే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రాసుకుంది. పిడి పట్టుకుని తిప్పింది.

తిరగలేదు.

తన వేళ్ల మీద ఇంకో చేతి వేళ్లు. వేడిగా... చర్మం ఊడి జారుతూ...

"అన్నా," అంది, "లైన్ మీద ఇంకెవరన్న ఉన్నరా? ఆ మక్కచేను తీగ దిక్కు?"

"ఎవ్వరు లేరు. జల్దీ ఇయ్యి."

ఆ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.