ఆవగింజకి పక్క

డాక్టర్ మందాకిని దూదిపుల్లతో చెంప మీద రాస్తుంటే జమీందారు కళ్ళు మూసుకుని దర్జాగా రాయించుకున్నాడు. జమీందారంటే పిల్లి. అదే పిల్లి ఆ పొద్దున్నే కోదండపాణి పిక్క బరబరా గీరేసింది. గీరిన చోట పసుపు అద్దుకుని, కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చున్న కోదండపాణికి ఆ వైభోగం చూస్తే ఒళ్ళు మండిపోయింది.

"చూశారా డాక్టరు గారూ! నేను తెచ్చిన చేపలు తింటుంది, నా మీదే పంజా విసురుతుంది. విశ్వాసం అనేది ఈ జాతికి..."

"కాసేపు ఊరుకుంటారా?" అంది భార్య ఇందుమతి. "ఆవిణ్ణి పని చేసుకోనివ్వండి."

సముద్రం రెండు వీధుల్ని మింగేసి, గోదాముల్లో ఉండే ఎలుకలన్నీ అపార్ట్‌మెంట్లు ఎక్కిన దగ్గర్నుంచీ విశాఖలో పిల్లి లేని ఫ్లాటు లేదు. ఒకటి చాలక మూడు, మూడు చాలక ఐదు. ఇందుమతికి ఐదున్నాయి. ఇప్పుడు ఆరోది వచ్చింది. అరచేతిలో పట్టే కూన, పేరు ఆవగింజ. కొత్త కూనని రాత్రిపూట పాత పిల్లుల మధ్య వదిలితే తెల్లారేదాకా బతుకుతుందన్న నమ్మకం లేదు. కింది ఫ్లాటు వాళ్ళ కూనని అలాగే మెడ కొరికి చంపేశాయి. అందుకని రెండు వారాలు వేరే గదిలో, తలుపు గడియపెట్టి పడుకోబెట్టాలి.

ఉన్నవి రెండు గదులు. ఒక దాంట్లో ఇందుమతీ, ఐదు పిల్లులూ. రెండోది కోదండపాణిది. అవునండీ, మొగుడూ పెళ్ళాలే, వేరే వేరే గదులే! ఏడేళ్ళ కిందట మొదటి పిల్లి తనని చూసి బుస్సుమంటే, ఈ ఒక్క రాత్రికీ అంటూ దిండు చంకన పెట్టుకుని వెళ్ళాడు మహానుభావుడు. ఆ రాత్రి ఇంకా తెల్లారలేదు. ఇప్పుడు ఆ గదీ ఆవగింజ పరమై, ఆయన బాల్కనీలో ఉప్పుగాలికి వణుకుతూ నవారు మంచం మీద పడుకుంటున్నాడు. ఫెర్రీ సర్వీసులో ఇన్‌స్పెక్టరు కాబట్టి నలుగురితో మాట్లాడతాడు, నిజానికి నలుగురి మాటా తనే మాట్లాడతాడు. అలా ఎవరి ద్వారానో కొత్త పిల్లిని పాతవాటితో కలిపే యంత్రం ఒకటుందని తెలిసి డాక్టర్ మందాకినిని పిలిపించాడు. నా గది నాకు రావాలి అని పైకి చెప్పాడు. లోపలి కోరిక గది కాదు. పెళ్ళాం పక్కన పడుకోవాలని ఉంది, అంతే.

యంత్రం టిఫిన్ కారియర్ అంత ఉంది. పేరు 'స్వజన్'.

"పిల్లికి మొహంతో పని లేదండీ, వాసనే ముఖ్యం," అని మందాకిని విడమర్చి చెప్పింది. "ఒక ఇంట్లో పిల్లులు ఒకదాన్నొకటి రాసుకుని, ఒకే పక్క మీద దొర్లి, అందరిదీ కలిసి ఒక్క వాసన అవుతుంది. అది ఉన్నవాడు మనవాడు. లేనివాడు దొంగ. ఆ ఉమ్మడి వాసనలో ఏ మాలిక్యూల్స్ ఎంతెంత ఉన్నాయో ఈ యంత్రం పసిగట్టి, అచ్చం అలాంటిదే తయారుచేసి స్ప్రే బాటిల్లో నింపుతుంది. కూన మీద ఒక్కసారి కొడితే చాలు."

"సాంబారులో ముక్కలన్నీ ఉడికి ఒక్క రుచి అయినట్టన్నమాట," అన్నాడు కోదండపాణి.

"అంతేనండీ."

పిల్లుల చెంపలూ, దుప్పట్లూ, దిండ్లూ అన్నీ అయ్యాక యంత్రం కాసేపు గుర్రుమంది. మందాకిని స్క్రీన్ చూసి, "బాగా వచ్చింది. ఐదు పిల్లులు, ఒక మనిషి," అంది.

"నేనే!" ఇందుమతి మురిసిపోయింది.

"మరి నేనో?" అన్నాడు కోదండపాణి.

మందాకిని మొహమాటపడుతూ ఆయన మెడ మీద దూదిపుల్ల రాసి మళ్ళీ చూసింది. "మీది విడిగా వస్తోందండీ. ఇంటి వాసనలో మాత్రం... లేదు."

"ఇరవయ్యేళ్ళ కాపురం అమ్మా ఇది! నేను లేకపోవడమేమిటి? మీ యంత్రంలోనే ఏదో..."

"యంత్రానికి కాపురం తెలీదు సార్. పక్క మీద ఎవరు పడుకుంటున్నారో అదే తెలుసు."

ఇందుమతి నవ్వు ఆపుకోలేక చుక్కమ్మ అనే పిల్లిని మొహానికి అడ్డం పెట్టుకుంది. "పోనీ లెండి, చుట్టాలొస్తే వాళ్ళకీ ఉండదుగా!" అంది.

కోదండపాణికి చచ్చిపోవాలనిపించింది.

వెళ్తూ వెళ్తూ మందాకిని, "మనుషుల మీద పరీక్ష చెయ్యలేదు. చేతికి అంటితే కడిగేసుకోండి," అని జాగ్రత్త చెప్పింది.

ఆ రాత్రి స్ప్రే కొట్టిన ఆవగింజని మంచం మీద దింపారు. జమీందారు లేచి వచ్చి, మెడ దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూశాడు. ఇందుమతి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. జమీందారు నాలుక చాపి కూన తల నాకాడు. ఆవగింజ వాడి పొట్టలోకి దూరి ముడుచుకుని పడుకుంది.

"నా తల్లే, నా బంగారమే!" ఇందుమతికి కళ్ళంట నీళ్ళు. "ఇంకేం, మీ గది మీకొచ్చేసింది. వెళ్ళి పడుకోండి," అంటూ తలుపు చేరేసింది.

నిన్నగాక మొన్న వచ్చిన కూనకి పక్క దొరికింది. కోదండపాణికి ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా పిల్లికూన మీద కుళ్ళుకున్నాడు. ఫ్రిజ్ మీద బాటిల్ ఇంకా ముప్పాతిక నిండుగా ఉంది. తీసి మెడకీ, ఛాతీకీ, చంకలకీ బుస్సుబుస్సున కొట్టుకున్నాడు. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టుకి కూడా పట్టించాడు.

చీకట్లో మంచమెక్కితే ఒక్క పిల్లీ కసురుకోలేదు. జమీందారు జరిగి చోటిచ్చాడు. కోదండపాణి కాళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి పడుకున్నాడు.

కాసేపటికి ఇందుమతి చెయ్యి వచ్చి తల మీద పడింది. "ఏమ్మా, నిద్ర పట్టలేదా?" అంది మగతగా. చెవి వెనక మెల్లగా గోకింది. నుదురు నిమిరింది. ఏడేళ్ళయింది ఆ చెయ్యి తగిలి. కోదండపాణి కళ్ళ నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు.

"రేపు నీకు వంజరం చేప ముక్క పెడతానే. ఆయనకి తోకముక్క చాల్లే," అంది ముద్దుగా.

అదైనా భరించాడు. తోకముక్క ఒక లెక్కా! కానీ గుండె నిండిపోయి, తెలియకుండానే, "ఇందూ..." అనేశాడు.

వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి పోయింది. లైటు వెలిగింది.

"మీరా!"

కోదండపాణి దొంగలా లేచి కూర్చున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆయన మోచేతి మీద గడ్డం ఆనించి హాయిగా పడుకున్న జమీందారుని చూసింది. తర్వాత వంగి మొగుడి మెడ దగ్గర వాసన చూసింది. మొహం మెత్తబడింది.

"అచ్చం మనవాళ్ళ వాసనే," అంది.

"ఉండనా మరి?"

ఇందుమతి ఆలోచించింది. లైటు ఆర్పేసింది. చెయ్యి మళ్ళీ ఆయన తల మీదకి వచ్చింది.

"ఉండండి. కానీ మాట్లాడకండి. గొంతు వింటే మీరని గుర్తొచ్చేస్తుంది."

సరే అనబోయి, కోదండపాణి నోరు మూసుకున్నాడు.