కుళాయి చప్పుడు వెనక మాటలు

"నన్ను పిచ్చిదంటున్నారండీ!"

డిటెక్టివు గదిలోకి వస్తూనే ఆ మాట అని కుర్చీలో కూలబడింది కండక్టరమ్మ. ఊళ్లో బస్సెక్కిన ప్రతివాడికీ ఆవిడ తెలుసు. పట్టణాధ్యక్ష పదవికి పోటీ చేయాలని ఉద్యోగం కూడా వదులుకుంది.

డిటెక్టివును ఊరంతా డేగ అంటారు. ఆయన చూపు అలాంటిది. ఆయన సహాయకుడు టైపిస్టు ఆమెకు మంచినీళ్లిచ్చి, ఆమె తెచ్చిన కాగితం, ఆమె నామినేషన్ మీద వచ్చిన అభ్యంతర పత్రం, పైకి చదివాడు. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చిన మనిషి ఏ పదవికీ పోటీ చేయరాదని రాజ్యాంగం చెబుతోంది. ఈమె మీద అలాంటి ఉత్తర్వు ఉంది. ఇప్పటికీ రాత్రుళ్లు స్నానాలగదిలో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, తనలో తాను మాట్లాడుకుంటుంది. కింద సంతకం ప్రత్యర్థి అయిన సిమెంటు వ్యాపారిది.

"నేను కోర్టు గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. మా పిల్లాడు పోయినప్పుడు కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నమాట నిజమే. ఏ జడ్జీ నన్ను పిలవలేదు, అడగలేదు."

"మరి స్నానాలగది సంగతి?" అన్నాడు డేగ.

ఆమె సిగ్గుపడింది. "ఉపన్యాసం బట్టీ పడుతున్నానండీ. టికెట్ టికెట్ అని అరవడమే గాని, సభల్లో మాట్లాడిన మొహమా నాది? మా ఆయన నిద్ర చెడుతుందని కుళాయి తిప్పుతాను."

"ఆయనకు చెప్పలేదా?"

"సభలో విని ఆశ్చర్యపోవాలని చెప్పలేదు."

ఉత్తర్వు సంగతి చూడమని వకీలుకు కబురు పెట్టి, డేగ నేరుగా వ్యాపారి కొట్టుకు వెళ్లాడు.

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"చెప్పనని మాటిచ్చాను. అయినా గోడలకు చెవులుంటాయి లెండి" అన్నాడు వ్యాపారి, నవ్వుతూ.

అతని గుమాస్తా కాపురం కండక్టరమ్మ పక్కింట్లోనే. రెండిళ్ల మధ్య స్నానాలగది గోడ ఒకటే. "దొంగ దొరికాడు సార్!" అని టైపిస్టు చంకలు గుద్దుకున్నాడు.

కండక్టరమ్మ ఇంట్లో తలుపు తీసింది ఆమె భర్త. వాచీలు బాగుచేసుకునే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. డేగ టైపిస్టును స్నానాలగదిలోకి పంపి, కుళాయి తిప్పి ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. ఏమీ తోచక టైపిస్టు తన భార్య తిట్లన్నీ వరసగా అప్పజెప్పాడు. డేగ గుమాస్తా ఇంట్లో గోడకు చెవి ఆనించి విన్నాడు, తిరిగొచ్చి పడకగదిలో నిలబడి విన్నాడు.

"ఏమన్నా వినపడిందా సార్?"

"గోడ అవతల నీళ్ల చప్పుడే. ఇక్కడ మంచం దగ్గర మాత్రం, మాటలు తెలియకపోయినా, మీ ఆవిడ గొంతే అనుకున్నాను."

టైపిస్టు పకపకా నవ్వాడు. డేగ నవ్వలేదు.

మర్నాడు విచారణకు అందరూ ఎన్నికల అధికారి గదిలో చేరారు.

"ఆమెను పిలవకుండా, ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఇచ్చిన ఉత్తర్వు అది. కోర్టు ఇవాళ పొద్దున దాన్ని నిలిపేసింది" అన్నాడు డేగ. "ఇక ఈ గుట్టు చెప్పింది గుమాస్తా కాదు, అతని ఇంట్లోకి గొంతు వినపడదు. మంచం మీద పడుకున్న మనిషికే వినపడుతుంది. ఆనాడు ఆ ఉత్తర్వు అడిగిందీ ఆ మనిషే, కోర్టు కాగితాల్లో ఉంది."

వాచీల మనిషి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ఆ ఉత్తర్వు కావాలన్నారు. అప్పుడూ ఇంతే, గడియ పెట్టుకుని, చనిపోయిన బాబుతో మాట్లాడేది. మళ్లీ ఆ గొంతు వినేసరికి నా ప్రాణం పోయింది. ఈ ఎన్నికల్లో పడితే ఇక దక్కదనుకున్నాను. ఎలాగైనా ఆపాలని ఈ వ్యాపారి దగ్గరికి వెళ్లాను."

టైపిస్టుకు కేసు గెలిచినందుకు గురువును మెచ్చుకోబుద్ధి కాలేదు.

అభ్యంతరం కొట్టేస్తున్నానని అధికారి ప్రకటించాడు. "పోటీలో ఉంటారా అమ్మా?"

ఆమె భర్తవైపు తిరిగింది. "జడ్జీ అంటే పరాయివాడు, అడగలేదు. మీకేమైందండీ? తలుపు కొట్టి అడిగితే చెప్పేదాన్ని కదా! భయంగా ఉంది, మానెయ్ అంటే మానేసేదాన్ని కూడా."

"ఇప్పుడు మానెయ్. ఇంటికి పోదాం రా."

"ఇప్పుడెలా మానను? మానితే నేను పిచ్చిదాన్ననే ఖాయమవుతుంది."

ఉంటానని అధికారికి చెప్పి, బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె భోరున ఏడ్చింది. వాచీల మనిషి చాలాసేపు దూరంగానే నిలబడ్డాడు. చివరికి దగ్గరికి వెళ్లి, "కూర్చోనా?" అని అడిగాడు.