ఒకే బొమ్మ, రెండు సంతకాలు

చేవెళ్లలోని డిటెక్టివ్ అరుణజ్యోతి ఆఫీసులోకి సమత ఆయాసపడుతూ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, నన్ను దొంగ అంటున్నరు. రేపే నా బొమ్మ వేలం ఉన్నది."

సమతది సురంగల్ ఊరు. తమ చేల మీద కమ్మిన వానను, చెట్టూ గట్టూ ఏదీ పోల్చుకోలేనట్టు, ఉత్త రంగుల్లో వేసింది. వేలం మొయినాబాద్ దగ్గర, దాన్ని నడిపే వెంకటరావు ఫామ్‌హౌస్‌లో. ఆమెకు పదేళ్లు బొమ్మలు నేర్పిన హేమచంద్ నిన్న వేలానికి అచ్చం అలాంటిదే తెచ్చి, దాని మీద తన సంతకం, నిరుటి తేదీ చూపించి, అసలుది తనదేనన్నాడు.

"నీ బొమ్మ ముందే ఎవరన్న చూసిన్రా?"

"లేదు మేడం, ఇంట్లనే దాచిన. నెల కింద వేలం కరపత్రంల అచ్చేసిన్రు, అదీ తలకిందులుగ! ఎవ్వరూ గుర్తుపట్టలే."

అసిస్టెంట్ హరీష్ నవ్వాడు. అరుణజ్యోతి నవ్వలేదు. కరపత్రం అడిగి తీసుకుంది.

మర్నాడు ఫామ్‌హౌస్ హాల్లో రెండు బొమ్మలూ పక్కపక్కన వేలాడుతున్నాయి. ఒకదానికొకటి తలకిందులు.

"ముందు తేదీ హేమచంద్ గారిదేనండి. ఆ అమ్మాయిది తీసేయించనా?" అన్నాడు వెంకటరావు.

"జర ఆగండి." ఆమె హేమచంద్ వైపు తిరిగింది. "సార్, దీన్ని ఎట్ల వేసిన్రు?"

"స్టాండు మీద నిలబెట్టి."

"మధ్యల తిప్పిన్రా?"

"ఎందుకు తిప్పుతానండీ? మొదటి నుంచీ ఇలాగే ఉంది."

ఆమె అందర్నీ దగ్గరకు పిలిచింది.

"సమత నీలం రంగు పల్చగ పోసింది. అది కిందికి కారి, చారల చివర బొట్లుగ ఆగింది. సార్ బొమ్మల బొట్లన్నీ చారల పైకొసన ఉన్నయి. నిలబెట్టిన బొమ్మల రంగు పైకి కారదు. తలకిందులుగ అచ్చయిన కరపత్రం చూసి, ఒక్కో బొట్టూ కుంచెతో దిద్దిన్రు. నిరుటి తేదీ వేసిన్రు."

హరీష్ కరపత్రం పక్కన పెట్టి చూశాడు. చార చారా సరిపోయింది. ఎప్పటిలాగే ఆమెను చూసి మురిసిపోయాడు. తనకు తట్టనందుకు కాస్త కుళ్లుకున్నాడు కూడా.

హేమచంద్ తన బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "రెండు వేలాల్లో నా బొమ్మల్ని ఎవరూ అడగలేదు. నేను పెన్సిలు పట్టించిన పిల్ల కోసం ఇంతమంది వచ్చారు. ఓర్చుకోలేకపోయాను."

సమత ఆయన బొమ్మ మీది బొట్లను వేలితో తడిమింది.

"బొట్లు దిద్దనీకి ఎన్ని దినాలు పట్టింది సార్?"

"పదకొండు."

"గన్ని దినాలల్ల మీ సొంతది ఒకటి అయ్యేది గద."

ఆయన తన బొమ్మను తనే దించుకుని బయటికి నడిచాడు. వేలం మొదలైంది. మొదటి పాట వినిపించినప్పుడు కూడా సమత గుమ్మం వైపే చూస్తూ ఉంది.