వియన్నా నుంచి వచ్చిన ముక్క

వియన్నా స్టేషన్ మెట్ల మీద బల్గేరియా గూఢచారి స్టోయిల్‌ను కాల్చి చంపారు. అతని కోటు జేబులోంచి అగ్గిపెట్టెంత డబ్బా తీసుకుని సరిహద్దు దాటాడు తోటి ఏజెంట్ ఓగ్న్యాన్. అందులో ఉన్నది కంప్యూటర్ డిస్కును చదివే హెడ్. బల్గేరియాకు అమ్మకూడదని పశ్చిమ దేశాలు కట్టడి చేసిన సరుకు.

మూడు వారాల తర్వాత, 1984 మే నెలలో, పొద్దున ఎనిమిదింటికి సోఫియా ఆఫీసులో ఓగ్న్యాన్ ఫోన్ మోగింది. వియన్నాలో ఉన్న తమ మనిషి రెండే మాటలన్నాడు: “పాలు విరిగాయి.” సరుకులో మోసం ఉందని కోడ్. వెనకే వచ్చిన రహస్య టెలిగ్రాంలో మిగతాది తెలిసింది: హెడ్‌ను దొంగిలించానని చెప్పి అమ్మిన అందగత్తె రెనాటె ఇన్నాళ్లూ రెండు వైపులా పనిచేస్తోంది. ఆ హెడ్ గంటసేపు బుద్ధిగా నడిచి, తర్వాత డిస్కును గీరేస్తుంది.

స్తారా జగోరా ఫ్యాక్టరీలో ఆ రోజే పదింటికి మాస్కో కొనుగోలుదార్ల ముందు ప్రదర్శన. డిస్కు పాడైతే చీఫ్ ఇంజనీర్ త్స్వెతానాను విద్రోహం కింద జైల్లో తోస్తారు. ఫోన్ చేద్దామంటే అక్కడ ఎత్తేవాడు రెనాటె మనిషి కాడని నమ్మకమేమిటి? ఓగ్న్యాన్ తన లాడా కారెక్కాడు. స్టోయిల్ చచ్చింది ఈ చెత్త కోసమా అని దారంతా పళ్లు కొరికాడు.

ఎలక్ట్రీషియన్ వేషంలో హాల్లోకి దూరేసరికి పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. డిస్కు యంత్రాన్ని ఆపే స్విచ్ మీద చెయ్యి వేయబోతుంటే, ఆ డబ్బాను అతని చేతుల్లోంచే అందుకున్న, యాభై దాటిన త్స్వెతానా అతని మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది.

“ముట్టుకోకు బాబూ. అది నువ్వు తెచ్చింది కాదు.”

“మరి?”

“నువ్వు తెచ్చింది అంగుళాల కొలత. మన మిల్లీమీటర్ల స్క్రూలకు పట్టి చావలేదు. సొరుగులో పడేశాను. ఇది మేం చేసుకున్నది. వాళ్లు మనకు అమ్మబోమన్నారని కూర్చుని ఏడవమంటావా?”

ఎప్పుడు చేశారని అడిగాడు. కొత్త సంవత్సరానికి ముందేనట. సోఫియాకు మూడు ఉత్తరాలు రాసిందట. మనవాళ్లు చేశారంటే అక్కడ ఎవరి కంటికీ ఆనలేదు. ఇది వియన్నా నుంచి దొంగిలించిన హెడ్ అని ఆమె చెప్పాకే ప్రదర్శనకు అనుమతి వచ్చింది.

“అయితే స్టోయిల్ ఎందుకు చచ్చినట్టు?”

“నన్నడగకు. ఆ ఉత్తరాలు చదవని వాళ్లనడుగు.”

పదకొండు దాటింది. డిస్కు తిరుగుతూనే ఉంది. మాస్కో వాళ్లు సంతకాలు పెట్టారు. పై అధికారి కల్నల్ బాలెవ్ వచ్చి ఓగ్న్యాన్ భుజం తట్టి, విదేశీ పనితనమే వేరోయ్ అన్నాడు. అతని పీక నులిమేయాలన్నంత కోపం వచ్చింది ఓగ్న్యాన్‌కు.

సంతకాలయ్యాయి కాబట్టి, నిజం తెలిసినా ఇక త్స్వెతానాను ఎవరూ ఏమీ చేయలేరు. అక్కడే ఓ బల్ల దగ్గర నిలబడి రిపోర్టు ఫారం నింపాడు. హెడ్ బాగా పనిచేస్తోంది. ప్రాణనష్టం: ఒకరు. సరుకు దొంగిలించిన చోటు: స్తారా జగోరా, మన ఫ్యాక్టరీ, రెండో అంతస్తు.