హార్ట్‌ఫర్డ్‌లో ఒక సంతకం

"ఆ కొనుగోలు నువ్వే ఆపాలి ఆర్లో. ఫెడరల్ ప్రభుత్వానికి ఆ అధికారం లేదు," అన్నాడు వాషింగ్టన్‌లో చీఫ్.

ఆర్లో హచిన్స్ నొసలు చిట్లించాడు. "ఎందుకని?"

"ఇన్సూరెన్స్ మీద పెత్తనం రాష్ట్రాలకే వదిలేస్తూ 1945లో చట్టం చేశారు. కనెటికట్ రాష్ట్ర ఇన్సూరెన్స్ కమిషనర్ ఒక్కడే కాదనగలడు. అదీ రుజువుంటేనే."

పైన్‌రిడ్జ్ లైఫ్ చిన్న ఇన్సూరెన్స్ కంపెనీ. కానీ జలాంతర్గాములు కట్టే నాలుగు వేలమంది పాలసీలు అందులోనే ఉన్నాయి. వాళ్ళ ఇంటి అడ్రసులు, జబ్బులు, తాగుడు, అన్నీ ఫైళ్ళలో భద్రం. కొంటున్నది పైకి న్యూయార్క్ సంస్థ. వెనక ఉన్నది విదేశీ గూఢచారి ముఠా.

ఆ సంస్థ హార్ట్‌ఫర్డ్ ఆఫీసులో ఆర్లో లిఫ్ట్ మెకానిక్ వేషంలో దూరాడు. అసలు యజమానుల ఒప్పందాన్ని లైటర్‌లో దాచిన కెమెరాతో ఫొటోలు తీశాడు. గేటు దగ్గర మెకానిక్‌ల జేబులు వెతుకుతారు, లాయర్లవి వెతకరు. అందుకే కారిడార్‌లో లెనోర్ కోసం ఆగాడు.

"మంచు పడేలా ఉంది," అన్నాడు.

"జూన్‌లోనా?" అని కోడ్ ప్రకారం నవ్వి, ఆమె ఫిల్మ్ అందుకుంది. పైకి ఆ సంస్థ లాయరు. లోపల ఆరేళ్ళుగా ఆర్లోకి తోడు ఏజెంటు.

మర్నాడు ఆ కొనుగోలు మీద బహిరంగ విచారణ. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" కమిషనర్ టాల్‌కాట్ పెన్ను తీశాడు.

ఫిల్మ్ చూపించాల్సిన లెనోర్ లేవలేదు. ఆర్లో ఆమె వెనక కుర్చీలోకి మారాడు.

"ఫిల్మ్ ఏది?"

"వెలుతురు తగిలి పాడైంది."

"నువ్వే తగిలించావా?"

"నేను మోసం చేసింది మన డిపార్ట్‌మెంటుని. నిన్ను కాదు."

"మరి ఆరేళ్ళు నీ పక్కనున్నది ఎవరు లెనోర్?"

ఆమె ముందున్న ఫైలు మూసింది. ఇక మిగిలిన రుజువు ఆర్లో కళ్ళే. నోరు విప్పితే, వారెంటు లేకుండా దొంగతనంగా దూరానని ఒప్పుకున్నట్టే.

టాల్‌కాట్ పెన్ను కాగితాన్ని తాకబోతోంది.

"నాతో ప్రమాణం చేయించండి," అంటూ లేచాడు.

"ఆయన ఫెడరల్ ఏజెంటు. ఇక్కడ మాట్లాడే హక్కు లేదు," అంది లెనోర్.

"ఏజెంటుగా లేదు. సాక్షిగా ఉంది," అన్నాడు టాల్‌కాట్.

ఆర్లో పేర్లు, తేదీలు, పేజీ నంబర్లతో సహా చెప్పాడు. అది అబద్ధమని ప్రమాణం చెయ్యమంటే సంస్థ అధ్యక్షుడు తలుపు వైపు చూశాడు. టాల్‌కాట్ పెన్ను మూసి, కొనుగోలు తిరస్కరించాడు. ఆర్లో సైగ చేస్తే, హాల్లో ఉన్న ఇద్దరు ఫెడరల్ ఏజెంట్లు లెనోర్‌ని తీసుకెళ్ళారు. ఆమె వెనక్కి చూస్తుందేమోనని ఆర్లో ఎదురుచూశాడు. చూడలేదు.

"మీరు దూరింది మా రాష్ట్రంలో," అన్నాడు టాల్‌కాట్, పోలీసుని పిలుస్తూ. "మీ చీఫ్ ఫోన్ చేస్తే ఇదీ రాష్ట్రం వ్యవహారమేనంటాను."

ఆర్లో బేడీలకు చేతులు చాచాడు. "అలాగే చెప్పండి సర్. ఆ చట్టం నాకు నేర్పింది ఆయనే."